పెంపుడు రాయి

బట్టీలవాడలో ముందు కుక్కలు పోయాయి.

తప్పిపోలేదు, పడుకున్నచోటే పోయాయి. సందు మలుపులో కాళ్లు బారచాపుకుని ఉన్న కుక్కను లేపుదామని రాజవ్వ చీపురు తిరగేసి ఒక్కటి వేసింది. గోడను కొట్టినట్టు చెయ్యి జిల్లుమంది. కుక్క ఒంటినిండా తెల్లటి సున్నపు పెంకు. ఆమె భర్త కొమురెల్లి సుత్తి తెచ్చి పెంకు పగలగొట్టాడు. లోపల తోలు, తడిసిన గోనెసంచిలా ముద్దగా ఉంది. ఎముక అన్నది మచ్చుకైనా లేదు.

రాజవ్వ అక్కడే నిలబడి ఆడబిడ్డకు ఫోను చేసింది.

"ఇందూ, నీ రాయి కుక్కను తిన్నది."

"రాయి తినుడేంది వదినె?"

"సదువుకున్నదానివి నువ్వు, నన్నడుగుతవా? వచ్చి సూసుకో. నీ అన్న సుత్తి పట్టుకొని బొమ్మలెక్క నిలవడ్డడు."

ఇందుమతి ఫోను పెట్టేసి ప్రయోగశాల కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసింది. తెల్లటి టవర్ మబ్బుల దాకా పోయి ఉంది. దాని కొన అక్కడి నుంచి కనబడదు.

ఆ రాయిని పెంచింది ఆమే. కంటికి కనిపించని పురుగు అది. సున్నపు నీళ్లు తాగుతుంది, తాగినదాన్ని రాయిగా కక్కుతుంది. దారాలతో అల్లిన వలను పైకి లాగి కట్టి, అడుగున తొట్టిలో సున్నపు నీళ్లు పోస్తే చాలు, ఆ వల వెంట స్తంభమై, గోడై, కప్పై పాకుతూ పోతుంది. ఇసుక అక్కర్లేదు, ఇనుము అక్కర్లేదు. కూలీలు దానికి పెంపుడు రాయి అని పేరు పెట్టారు. మేత ఎటు పెడితే అది అటు తిరుగుతుంది. ఆ మేత చూసుకోవడమే ఇందుమతి ఉద్యోగం.

మొదటి టవర్ ఎక్కడ నాటుదామని బిల్డర్ చక్రధర్ అడిగినప్పుడు, ఆమె తను పుట్టిన వాడ పేరే చెప్పింది. తాతల కాలం నుంచి అక్కడ సున్నపురాయి కాల్చేవాళ్లు. బట్టీలు ఆరిపోయినా నేల లోతుదాకా సున్నం ఇంకి ఉంది. పెంపుడు రాయికి అంతకన్నా మంచి చేను దొరకదు. చక్రధర్‌కు కావలసిందీ అదే. కొత్త కలెక్టరేటు వచ్చాక ఊరి నడిబొడ్డు బట్టీలవాడ వైపే జరిగింది. నగర పటంలో ఆ వాడ పసుపు రంగులో ఉండేది. పసుపంటే కాపురాల చోటు, రెండంతస్తులు దాటరాదు. ఒక ఉత్తర్వు వచ్చి పసుపును నీలం చేసింది. నీలమంటే దుకాణాలు, ఆఫీసులు, ఫ్లాట్లు, ఎంత ఎత్తైనా లేపుకోవచ్చు.

ఒప్పుకున్నవాళ్లు అమ్ముకుని పోయారు. ఒప్పుకోనివాళ్ల మీదికి చక్రధర్ మనిషి జంగిలి తన మూకతో వచ్చాడు. నీళ్ల పైపులు కోశాడు. ఒకరి చెయ్యి విరిచాడు. అయినా ఒక్క సందు మాత్రం కదల్లేదు. ఆ సందుకు పెద్ద దిక్కు కొమురెల్లి. విచిత్రమేమిటంటే టవర్ పనిలో మేస్త్రీ కూడా అతనే. "కూలి కూలే, ఇల్లు ఇల్లే" అనేవాడు.

ఆ మేస్త్రీతనమే కొంప ముంచింది. స్లాబు పడే ప్రతిచోటా యాటను కోయడం, దాని తలను మూల స్తంభం కింద పెట్టడం అతనికి అలవాటు. ఈ కట్టడానికి స్లాబు లేదు, సెంట్రింగు లేదు. బలి పడలేదని కూలీలకు గుబులుగా ఉంది. కొమురెల్లి ఎవరికీ చెప్పకుండా మొదటి స్తంభం గుంతలో మేకతల పాతిపెట్టాడు. మిగతా స్తంభాలు మోకాలెత్తు లేచేసరికి అది మనిషెత్తు లేచింది. ఎందుకని ఇందుమతి తవ్వి చూస్తే కొమ్ములు మాత్రం మిగిలాయి. పుర్రె కరిగిపోయింది. తెగ సంబరపడింది. సున్నంకన్నా ఎముక దానికి తొందరగా అరుగుతుందని పరుగెత్తుకెళ్లి చక్రధర్‌కు చెప్పింది. ఆ వారం నుంచే కబేళా నుంచి బొక్కల, అంటే ఎముకల, లారీలు రావడం మొదలైంది. టవర్ చూస్తుండగా పెరిగింది. పేపర్లలో ఆమె ఫోటో వేశారు.

ఇప్పుడు కబేళా ఇచ్చే బొక్కలు దానికి చాలడం లేదు.

*

కుక్కల తర్వాత మనిషి పోయాడు. వాచ్‌మన్ ఓదెలు టవర్ అడుగున చాప పరుచుకుని పడుకునేవాడు. తెల్లారి కూలీలు లేపబోతే వీపు నేలకు అతుక్కుని ఉంది. గడ్డపారతో ఊడదీసి ఎత్తితే మనిషి నడుం దగ్గర బట్టలా మడతపడ్డాడు. ఎత్తినవాళ్లు వదిలేసి పారిపోయారు. జంగిలి శవాన్ని టార్పాలిన్‌లో చుట్టించాడు. గుండె ఆగి పోయాడని చెప్పమన్నాడు.

"గుండె ఆగితే చెయ్యి గిట్ల వేలాడుతదా? బొక్కలేమైనయి?" అని ఓదెలు భార్య అరిచింది. జంగిలి ఆమె నోటిమీద కొట్టాడు. ఆమె మళ్లీ అరిచింది. మళ్లీ కొట్టాడు. మూడోసారి ఆమె అరవలేదు.

ఇందుమతి చక్రధర్ గదికి పోయింది.

"సర్, ఇక ఆపాలి. పెరిగినకొద్దీ దాని ఆకలి పెరుగుతోంది. యాసిడ్ ట్యాంకు చక్రం తిప్పుదాం. మొదట్లో మనం పెట్టుకున్న జాగ్రత్తే కదా అది."

"తిప్పితే?"

"రాయి కరుగుతుంది. టవర్ కూలుతుంది."

"కూలుతుందని ఎంత తేలిగ్గా అన్నావమ్మా! ఫ్లాట్లు కొన్నవాళ్లకు ఏం చెప్పను? చక్కెర కరిగినట్టు కరిగిందనా?" చక్రధర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద బట్టీలవాడ రేకుల కప్పులు కనిపిస్తున్నాయి. "ఇంతకీ అది ఎటు పోతోంది?"

"ఎముక ఎటుంటే అటు. నేల కింద నుంచి."

చక్రధర్ చాలాసేపు ఆ రేకుల వైపే చూశాడు. "జంగిలిని పంపి పంపి నేను విసిగిపోయాను. పోలీసులు, కేసులు, స్టేలు. నేలే వాళ్లను ఖాళీ చేయిస్తానంటే నేనెందుకు వద్దనాలి?"

ఇందుమతి ఫోను తీసింది. పోలీసుల నంబరు నొక్కేలోపు వెనక నుంచి వచ్చిన జంగిలి జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పన్ను ఊడి కాగితాల మీద పడింది.

"మీ అన్న ఇంటి గోడ మన గోడకు ఆనుకొనే ఉన్నది మేడం," అన్నాడు, ఆమె జుట్టు వదలకుండానే. "దానికి మేత నువ్వే సూస్కో. ఒక్క పూట తక్కువైనా ముందుగాల పొయ్యేది ఆయనే. పోలీసుల దగ్గరికి పోతవా, పో. నువ్వు అచ్చేదాక మేత ఎవరేస్తరో సూద్దాం."

ఆమె నోరు కడుక్కుని, వాచిన మొహంతోనే మార్కెట్టుకు పోయింది. మటన్ దుకాణం కనిపిస్తే ఆగి బొక్కలు అడిగింది. చికెన్ దుకాణాల వెనక డ్రమ్ములు ఖాళీ చేయించుకుంది. తిన్నంతకాలం అది అన్న ఇంటి వైపు రాదు. ఆమెకు తోచింది అంతే.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్లింది. కొమురెల్లి గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆమె మొహం చూసి బీడీ పారేశాడు.

"ఎవడు కొట్టిండు?"

"అది తర్వాత. అన్నా, అందరం ఇక్కడి నుంచి పోదాం. రేపే పోదాం. నేల కింద నుంచి వస్తోంది."

కొమురెల్లి ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "గిది జంగిలి మాట. యాడాది సంది వింటున్న. ఇయ్యాల నీ నోట్లకెల్లి వస్తున్నది, అంతే తేడా."

"ఓదెలును చూడలేదా నువ్వు?"

"సూసిన. పెంచింది నువ్వు. నీ రాయిని నువ్వు సంపుకో. మా ఇండ్లు మేమెందుకు ఇడువాలె?"

"చంపితే టవర్ మీ మీదే పడుతుంది."

"ఉంటే తింటది, సస్తే మీద వడ్తది. మంచిదాన్నే పెంచినవ్ చెల్లె!" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. రాజవ్వ కిటికీలోంచి పసుపు ముద్ద ఒకటి అందించి, "పంటి మీద పెట్టుకో," అంది.

*

అక్టోబరు రెండున గాంధీ జయంతి. ఊళ్లో మాంసం కోయరు, అమ్మరు. పుట్టిన దగ్గర నుంచి ఇందుమతికి తెలిసిన సంగతే. చిన్నప్పుడు ఆ రోజు కోసం తండ్రి ముందు రోజే మాంసం తెచ్చి దాచేవాడు. మేత కోసం దుకాణాల చుట్టూ పిచ్చిదానిలా తిరుగుతున్న ఆమెకు అది తట్టనే లేదు. పొద్దున సైటుకు వచ్చి తొట్టి చూస్తే అడుగు కనిపిస్తోంది. కబేళాకు ఫోను చేస్తే అవతలివాడు నవ్వాడు. "ఇయ్యాల గాంధీ తాత దినం మేడం. రేపు కోసి ఎల్లుండి పంపిస్తం."

తొట్టి అంచున తెల్లటి నారలు వేళ్లలా కదులుతున్నాయి. ఆమె చూస్తుండగానే అవి తొట్టి వదిలి నేలలోకి దూరాయి, అన్నీ ఒకే వైపుకు.

ఆమె పరుగెత్తింది.

సెలవు రోజు కావడంతో సందులో అందరూ ఇళ్లలోనే ఉన్నారు. పిల్లలు నేలమీద కూర్చుని ఆడుకుంటున్నారు. కొమురెల్లి ఇంటి ముందు కట్టేసిన మేక అరుస్తోంది. దాని కాళ్ల చుట్టూ నేల చెమర్చింది. ఆ తడి తెల్లబడింది. తెలుపు గిట్టల మీదికి ఎక్కింది. ముందు కాళ్లు రెండూ గుడ్డపేలికల్లా మడతపడ్డాయి. మేక మోకాళ్ల మీద పడి, ఆ మోకాళ్లు కూడా మెత్తబడి, ఇంకా అరుస్తూనే ఉంది. కొమురెల్లి దాని తాడు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

అరుపు ఆగిపోయింది.

కొమురెల్లి తాడు వదిలేశాడు. చెల్లెలి వైపు తిరిగాడు. "ఎంతసేపున్నది మనకు?"

"తెలియదన్నా. చాలా లేదు."

అతను దడి నుంచి కట్టె ఒకటి పీకాడు. ఏడాదిపాటు ఆ సందులో ఎవర్నీ కదలొద్దని కాపలా కాసిన మనిషి, ఆ కట్టె పట్టుకుని మొదటి ఇంటి తలుపు తన్నాడు.

"ఎల్లున్రి! బయిటికెల్లున్రి!"

"ఏందిరా కొమురెల్లీ? తాగినవా పొద్దుగాలనే?"

"ఎల్లుమంటున్న!" కట్టెతో ఆ పెద్దాయన వీపు మీద కొట్టాడు. ఆయన కొడుకు అన్నం గిన్నె విసిరాడు. గిన్నె కొమురెల్లి నుదుటికి తగిలి రక్తం కారింది. తుడుచుకోలేదు. ఇంకో తలుపు తన్నాడు. ఇందుమతి పిల్లల్ని చేతికందినవాళ్లను అందినట్టు రెక్క పట్టి ఈడ్చి రోడ్డు మీదికి తోసింది. ఒకావిడ ఆమె మొహం మీద ఉమ్మేసింది.

"ఎంతకు అమ్ముడువోయిన్రు అన్నాచెల్లెండ్లు? జంగిలి చెయ్యనిది మీరు చేస్తున్నరు గదనే!"

"అవును, మేమే చేస్తున్నాం. నడువు!" అంటూ ఇందుమతి ఆమె చెంపమీద కొట్టింది. జీవితంలో ఆమె ఎవర్నీ కొట్టలేదు. రాజవ్వ ఒక ఇంట్లోంచి బాలింతను బిడ్డతో సహా ఎత్తుకుని వచ్చింది. రాళ్లు పడ్డాయి. తిట్లు పడ్డాయి. సందు చివర ఒక ఇంటి నేల ఒక్కసారిగా తెల్లబడి, వంటింట్లో కోళ్లన్నీ పెంకు కట్టి నిలబడిపోయాయి. అది చూశాక గానీ రాళ్లు ఆగలేదు. అప్పుడిక అందరూ తమంతట తామే పరుగెత్తారు.

మిగిలింది బాల్నర్సవ్వ. పండు ముసలి. మంచం దిగి ద్వారబంధాన్ని కావలించుకుని కూర్చుంది.

"అవ్వా, లే," అన్నాడు కొమురెల్లి.

"నన్ను నా పెనిమిటి తెచ్చిండు ఈడికి. నేనాడికీ రాను."

కొమురెల్లి ఆమె చేతులు విడదీశాడు. ఆమె అతని మణికట్టు కొరికింది. బోసినోటితో గట్టిగా పట్టింది. అతను ఆమెను ఎత్తి గడప అవతలికి, రాజవ్వ చేతుల్లోకి విసిరాడు. తను కదలబోయాడు. కుడికాలు రాలేదు.

చెప్పులు లేని కాలు. మడమ దగ్గర నేల తెల్లగా పేరుకుంది.

ఇందుమతి అతని చంకల కింద చేతులేసి లాగింది. కాలు ఊడిపోయేంత గట్టిగా లాగినా రాలేదు. కొమురెల్లి పళ్లు కొరుక్కున్నాడు.

"పైకి వస్తున్నది ఇందూ. బొక్కలల్ల సలసల మంటున్నది. పిక్కదాక వచ్చింది."

ఆమె చుట్టూ చూసింది. బాల్నర్సవ్వ కట్టెలు కొట్టుకునే గొడ్డలి చూరుకు ఉంది. అతను కూడా దాన్నే చూశాడు.

"మోకాలి మీదికెల్లి. జల్ది."

"నా వల్ల కాదన్నా."

"అయితే మొత్తం ఇచ్చిపెడ్తవా దానికి?"

రాజవ్వ వచ్చి భర్తను వెనక నుంచి రెండు చేతులా బిగించి పట్టుకుంది. కళ్లు మూసుకుని, "కొట్టు," అంది. ఇందుమతి కొట్టింది. మొదటి దెబ్బకు మాంసం తెగింది, ఎముక తెగలేదు. కొమురెల్లి అరుపు రోడ్డు మీద ఉన్నవాళ్లందరికీ వినిపించింది. ఆమె గొడ్డలి మళ్లీ ఎత్తింది. ఎన్ని దెబ్బలు వేసిందో తర్వాత ఆమెకు గుర్తులేదు. చివరి దెబ్బకు అతను వెనక్కి రాజవ్వ మీద పడ్డాడు. కాలు మాత్రం అక్కడే నిటారుగా నిలబడి ఉంది. దాని మీదికి తెలుపు తాపీగా ఎక్కింది.

రాజవ్వ కొంగు చింపి తొడ బిగించి కట్టింది. అరగంట కింద రాళ్లు విసిరిన మగవాళ్లే వచ్చి అతన్ని మంచంతో సహా ఎత్తుకుపోయారు.

ఇందుమతి గొడ్డలి వదల్లేదు. యాసిడ్ ట్యాంకు వైపు నడిచింది.

*

ట్యాంకు చక్రం ముందు జంగిలి ఇనుప రాడ్డుతో నిలబడి ఉన్నాడు. వెనక చక్రధర్. ఫ్లాట్లు చూపించడానికి తీసుకొచ్చిన మనుషులు అప్పటికే కార్లెక్కి పారిపోయారు.

"ఇందుమతీ, ఆగు. నా మాట విను," అన్నాడు చక్రధర్. అతని గొంతులో కోపం లేదు. "వాళ్లు బయటికి వచ్చేశారు కదా, సంతోషం. ఇప్పుడు నువ్వు ఆ చక్రం తిప్పితే టవర్ ఎటు పడుతుంది? వాడ మీదే. నేను ఏడాదిగా చేయించలేనిది నీ చేతులతో నువ్వే చేసిపెడతావు. ఒక్క గోడ మిగలదు. టవర్‌కు ఇన్సూరెన్సు ఉంది, వాళ్ల గుడిసెలకు లేదు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించింది. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తిప్పకపోతే ఆ నారలు రోడ్డు దాటుతాయి. రోడ్డు అవతల ప్రసూతి ఆస్పత్రి ఉంది.

ఆమె ముందుకు అడుగేసింది. జంగిలి రాడ్డు ఆమె భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. కింద పడబోతూ ఒంటి చేత్తో గొడ్డలి తిప్పి, మొద్దువైపుతో అతని మోకాలి చిప్ప మీద కొట్టింది. జంగిలి కూలబడ్డాడు. చక్రధర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చేతికి అన్న నెత్తురు ఇంకా జారుతోంది. అతని పట్టు జారిపోయింది. ఒంటి బరువంతా చక్రం మీద వేసి తిప్పింది.

ముందు సున్నం మీద నీళ్లు పోసినప్పటి చప్పుడు వచ్చింది, సలసలమని. తర్వాత టవర్ అడుగున తెల్లటి నురుగు పొంగింది. ఆమె పరుగెత్తింది. జంగిలిని చక్రధర్ ఈడ్చుకుంటూ ఇంకో వైపు పరుగెత్తాడు. వెనక ఎముక విరిగినట్టు ఒక్క పెద్ద శబ్దం. రోడ్డు మీద నిలబడ్డ జనం తలలెత్తారు. ఆ తెల్లటి పొడుగు నెమ్మదిగా ఒరిగింది, నీరసించిన మనిషి గోడకు ఆనుకోబోయినట్టు. అక్కడ ఆనుకోవడానికి గోడ లేదు. బట్టీలవాడ ఉంది.

దుమ్ము అణిగేసరికి వాడ లేదు.

*

ఆ సాయంత్రమంతా ఫైరింజన్లు నీళ్లు కొడుతూనే ఉన్నాయి. తెల్లవారి చూస్తే ఇళ్లున్న చోటంతా తెల్లటి అడుసు, మజ్జిగలా. ఏ ఇల్లు ఎక్కడుండేదో చెప్పడానికి ఆనవాలు లేదు. ఇందుమతి ఆ అడుసును తీసి పరీక్షించింది. పురుగు చచ్చింది, యాసిడ్ కూడా కడుక్కుపోయింది.

చక్రధర్ పొద్దున్నే వచ్చాడు. కొత్త మనుషుల్ని, కంచె తీగల చుట్టల్ని, పోలీసుల్ని తెచ్చుకున్నాడు. కర్రతో ఊతం తీసుకుని జంగిలి కూడా వచ్చాడు. "స్థలం ఖాళీగానే ఉంది. ఇక అడ్డం చెప్పేవాళ్లెవరు?" అని ఎస్సైతో అంటున్నాడు చక్రధర్. "చుట్టూ కంచె వేసేయండి. ఈ ప్రమాదం చేసిన మనిషి అదిగో, అక్కడే ఉంది. తీసుకెళ్లండి."

ఇందుమతి ఫోను మోగింది. రాజవ్వ ఆస్పత్రి నుంచి.

"బతికిండు. తెలివికొచ్చిండు. నీతోని మాట్లాడుతడట."

కొమురెల్లి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంది. "అందరెల్లిన్రా?"

"అందరూ వచ్చారన్నా."

"ఇల్లు?"

"లేదు."

అతను ముక్కు ఎగబీల్చాడు. ఏడుస్తున్నాడనుకుంది. ఏడవడం లేదు.

"ఇల్లు లేకుంటే ఏంది, జాగ ఉన్నది గద. నేను ఇప్పుడల్ల రాలేను. నా జాగల నువ్వు కూసో."

"నేనా?"

"మరెవలు? నువ్వు ఈడ పుట్టినదానివి కాదా?"

ఆమె ఫోను నడుం దగ్గర దోపుకుంది. భుజం విరిగిన చేతిని మెడకు కట్టిన గుడ్డ సర్దుకుంది. అడుసులోకి దిగింది. బాల్నర్సవ్వ అప్పటికే ఆమెకన్నా ముందు దిగింది. నడుం వంచి, చేత్తో గాలిలో ఏదో కొలుస్తూ నడిచి, ఒకచోట ఆగింది. "నా పొయ్యి ఈడుండె," అని అక్కడే చతికిలబడింది. ఆమె వెనక బాలింత దిగింది. అన్నం గిన్నె విసిరినవాడు దిగాడు. ఉమ్మేసిన ఆవిడ పిల్లల్ని వెంటబెట్టుకుని దిగింది. ఎవరి గడప వాళ్లు కాళ్లతో వెతుక్కున్నారు. ఎవరిచోట వాళ్లు కూర్చున్నారు. సందు మళ్లీ సందులా తేలింది, గోడలు లేకుండా.

ఇందుమతి మధ్యలో నిలబడిపోయింది. ఆమెకు అన్న ఇల్లు ఎక్కడో తెలియడం లేదు.

ఉమ్మేసిన ఆవిడ ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత గడ్డంతో తన పక్క చోటు చూపించింది. "గదే. కూసో."

ఇందుమతి కూర్చుంది. చల్లటి అడుసు చీరలోకి ఇంకింది. పోలీసులు ఒడ్డునే ఆగిపోయారు. జంగిలి మనుషులు కంచె తీగ లాగుకుంటూ, రాడ్లు పట్టుకుని అడుసులోకి దిగారు. సూటిగా ఆమె వైపే వస్తున్నారు. ముందు నడుస్తున్నవాడు, "లే మేడం, లే," అన్నాడు.

ఆమె కాళ్లు మడుచుకుని ఇంకా సర్దుకుని కూర్చుంది.